ఆటమ్ ఆగిపోయింది... నా పసుపు కర్సర్ మిగిలింది!

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో కోడింగ్ అంటే నాకు వణుకు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ల్యాబ్‌లో స్క్రీన్ మీద ఎర్ర గీత కనిపిస్తే చాలు, ముడుచుకుపోయేవాణ్ని.

అలాంటి టైమ్‌లో హాస్టల్లో సీనియర్ ఒకాయన నా ల్యాప్‌టాప్‌లో ఆటమ్ ఎక్కించాడు. కోడ్ రాసుకునే ఎడిటర్ అది. ‘‘ఇందులో నచ్చనిది ఏదున్నా మార్చేసుకో తమ్ముడూ’’ అన్నాడు. నేను నమ్మలేదు. స్టైల్ ఫైలు తెరిచి, ఆయన చెప్పిన రెండు మూడు లైన్లు కొట్టి సేవ్ చేశా. అంతే, కర్సర్ పసుపు రంగులోకి మారిపోయింది! చిన్న విషయమే. కానీ కంప్యూటర్ నా మాట వినడం అదే మొదటిసారి.

ఏంటి దీని స్పెషల్?

గిట్‌హబ్ 2014 ఫిబ్రవరిలో ఆటమ్‌ను బయటపెట్టింది. అదే ఏడాది మే నెలలో సోర్స్ కోడ్ మొత్తం అందరికీ తెరిచేసింది. 2015 జూన్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. వెబ్‌సైట్లకు వాడే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ లాంటివాటితోనే దీన్నీ కట్టారు. అంటే వెబ్ పేజీ చేయడం వస్తే చాలు, రంగులు, షార్ట్‌కట్‌లు, మెనూలు అన్నీ మన ఇష్టం. లేని ఫీచర్ కావాలంటే సొంతంగా ప్యాకేజీ రాసుకోవడమే.

అయితే లోపల ఓ బ్రౌజరే నడుస్తున్నట్టు లెక్క. అందుకే మెమరీ ఎక్కువ తింటుందని, పెద్ద ఫైళ్లు తెరిస్తే ఆయాసపడుతుందని మొదటి నుంచీ విమర్శ ఉంది.

ఎందుకు ఆగింది?

2015లో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కోడ్ తెచ్చింది. తమాషా ఏంటంటే, ఆటమ్ కోసం పుట్టిన ఎలక్ట్రాన్ మీదే అదీ నిలబడింది. 2018లో గిట్‌హబ్‌నే మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఒకే ఇంట్లో రెండు ఎడిటర్లు! చివరికి 2022 జూన్ 8న ఆటమ్‌ను ఆపేస్తున్నామని గిట్‌హబ్ ప్రకటించింది. డిసెంబర్ 15న తాళం పడింది.

ఆ వార్త చదివేసరికి నేను ఉద్యోగంలో ఉన్నా. అప్పటికే వేరే ఎడిటర్‌కి మారిపోయా కూడా. అయినా ఊళ్లో చదువుకున్న బడి మూసేశారని తెలిసినట్టు అనిపించింది. పిల్లలు తగ్గిపోయి మూసేసిన బడి. మానేసినవాళ్లలో నేనూ ఒకణ్నే కదా!

పోయినా ఉంది

ఆటమ్ ఇచ్చిన ఎలక్ట్రాన్ ఇప్పటికీ స్లాక్, డిస్కార్డ్ లాంటి డెస్క్‌టాప్ యాప్‌లను నడిపిస్తోంది. కోడ్‌ను చదివి అర్థం చేసుకునే ట్రీ-సిట్టర్ కూడా ఆటమ్ పనిలోనే ఎదిగింది. ఇప్పుడు వేరే ఎడిటర్లూ దాన్ని వాడుకుంటున్నాయి. ఆటమ్‌ను తయారుచేసినవాళ్లు రస్ట్ భాషలో జెడ్ అనే కొత్త ఎడిటర్ మొదలుపెట్టారు. పాత కోడ్‌ను తీసుకుని కొందరు ఔత్సాహికులు పల్సర్ పేరుతో కొనసాగిస్తున్నారు. సోర్స్ కోడ్ తెరిచి ఉంచడం వల్లే అది సాధ్యమైంది.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఎర్ర గీతల ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పక్కన కుర్చీ లాక్కుని సెట్టింగ్స్ తెరిచా. ‘‘ముందు ఈ కర్సర్‌కి నీకు నచ్చిన రంగు పెట్టు తమ్ముడూ’’ అన్నా.

వాడు ఆకుపచ్చ పెట్టుకున్నాడు. నాది మాత్రం ఇప్పటికీ పసుపే!