చర్చి బడిలో డే స్కాలరా, హాస్టలా? డబ్బు పంపే ముందు ఇవి అడగండి

మీరు గల్ఫ్‌లో పనిలో ఉన్నారు. పిల్లలు ఊళ్లో నానమ్మ, తాతయ్యల దగ్గర ఉన్నారు. "చర్చి బడిలో ఫీజు తక్కువ, హాస్టల్ కూడా ఉంది" అని ఎవరో చెప్పారు. వెంటనే డబ్బు పంపేయకండి. ముందు కొన్ని విషయాలు తెలుసుకోండి.

ఈ బడులు మనకు కొత్త కావు. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌కు బిషప్‌గా నియమితులై, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందుకే ఇప్పుడు బడి బోర్డు మీద ఆంగ్లికన్ అని కాకుండా 'సీఎస్ఐ' అని కనిపిస్తుంది.

ఫీజు: చెప్పిన ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. అడ్మిషన్, పుస్తకాలు, యూనిఫాం, మెస్, బస్సు అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. డబ్బు బడి పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి, రసీదు తీసుకోండి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం ఉచిత సీట్ల నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రాయితీ ఉందా అని నేరుగా బడినే అడగండి.

గుర్తింపు: 11 అంకెల యూడైస్ కోడ్ అడగండి. ప్రభుత్వ గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో కూడా చూడండి. లేకపోతే రేపు టీసీ దగ్గర చిక్కొస్తుంది.

ప్రార్థన: మీది వేరే మతమైతే భయం అక్కర్లేదు. గుర్తింపు పొందిన బడిలో తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది.

హాస్టల్: అసలు ప్రశ్న ఇది. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే ఎవరు వస్తారు? మీరు రాలేరు. అందుకే దగ్గర్లో ఉండే ఒక పెద్దమనిషిని గార్డియన్‌గా బడి రికార్డులో రాయించండి. సంతకం చేసే, బిడ్డను ఇంటికి తీసుకెళ్లే అధికారం ఆయనకో, ఆమెకో ఇస్తూ ఉత్తరం ఇవ్వండి. రాత్రి వార్డెన్ ఎవరు, ఆడపిల్లలకు వేరే భవనం ఉందా, ఫోన్ ఏ రోజు మాట్లాడనిస్తారు అని కూడా అడగండి.

ఇంట్లో చూసుకునేవాళ్లుండి, బడి దగ్గరైతే చిన్నపిల్లలకు డే స్కాలరే మేలు. ఇంట్లో ఎవరికీ ఓపిక లేనప్పుడే హాస్టల్ ఆలోచించండి.

చేర్చాక ఫోన్‌లో "బాగున్నావా?" అని అడిగి వదిలేయకండి. ఏం తిన్నావు, ఎవరితో పడుకున్నావు, ఎవరైనా కొట్టారా అని అడగండి. కష్టమొస్తే 1098కి ఫోన్ చేయాలని బిడ్డకు నేర్పండి. అది పిల్లల కోసం ఉన్న ఉచిత నంబరు.