చేతికి అంటించే టీకా ప్యాచ్: ట్రయల్ మన ఊరికి వస్తే ఏం అడగాలి?

గోరంట్ల నుంచి మాట్లాడుతున్నా. పోయిన వారం మా వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. పసిబిడ్డ చేతికి బ్యాండేజీ లాంటిది అంటించి, ఐదు నిమిషాలకు తీసేస్తారు. అంతే, టీకా అయిపోయింది అంటారు. దాని కింద ఒకరు "ఇది మనకెప్పుడు వస్తుంది?" అని రాశారు. ఇంకొకరు "ఫస్టు మన మీదే టెస్టు చేస్తార్లే" అన్నారు. నాకు రెండూ న్యాయమైన మాటలే అనిపించాయి. అందుకే ఈ ఎపిసోడ్.

సూది లేని టీకా మనకు కొత్తేం కాదు, పోలియో చుక్కలు అందరం వేసుకున్నాం. కోవిడ్ టైంలో హైదరాబాద్ భారత్ బయోటెక్ ముక్కులో వేసే టీకా కూడా తెచ్చింది. ఈ ప్యాచ్ సంగతి వేరు. దాని అడుగున కంటికి సరిగా ఆనని చిన్న చిన్న మొనలు ఉంటాయి. టీకా మందు ఎండిన రూపంలో ఆ మొనల్లోనే ఉంటుంది. చర్మం మీద నొక్కితే అవి పైపొరల్లోకి మాత్రం దిగి కరిగిపోతాయి. మన చర్మంలో రోగాన్ని పసిగట్టే కణాలు చాలా ఉంటాయి, మందు నేరుగా వాటికే అందుతుంది.

ఇది మన దగ్గర ఎందుకు కావాలో చెప్తా. తట్టు, రుబెల్లా టీకా ఇప్పుడు సీసాలో పొడిగా వస్తుంది. చల్లగా ఉంచాలి, వేసే ముందు ద్రవం కలపాలి, కలిపాక కొన్ని గంటల్లో అయిపోవాలి. మిగిలితే పారబోయడమే. ఒక సీసాలో ఐదో పదో డోసులు ఉంటాయి. టీకా రోజున ఇద్దరు పిల్లలే వస్తే ఏఎన్ఎమ్మమ్మ సీసా తెరవాలా వద్దా? "వచ్చే వారం రామ్మా" అంటుంది. వచ్చే వారానికి ఆ తల్లి బెంగళూరులో ఏదో బిల్డింగు పని దగ్గర ఉంటుంది. వాన రాక చెనక్కాయ చేను ఎండిన ఏడాది మన పల్లెల్లో ఇది ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు. తట్టు ఏమో వంద మందిలో 95 మందికి టీకా పడితే గానీ ఆగని రోగం. ప్యాచ్ అయితే కలిపే పని లేదు, ఒక బిడ్డకు ఒకటి, మిగిలేది లేదు. అందుకే 2020లో డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్, గావి లాంటి సంస్థలు కలిసి టీకాల్లో రావాల్సిన కొత్త పద్ధతుల్లో దీన్నే మొదట పెట్టాయి.

సరే, టెస్టు ఎక్కడ జరిగింది? పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశంలో, 2021, 2022లో. ప్యాచ్ అమెరికాలోని మైక్రాన్ బయోమెడికల్ కంపెనీది. అందులోని టీకా మాత్రం మన పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌ది! ఆ ట్రయల్‌ని ఎట్లా నడిపారో కొంచెం ఆగి చూడాలి. ముందు 45 మంది పెద్దవాళ్ళకు పెట్టారు. వాళ్ళకు ఏం కాలేదని చూసుకున్నాక, అప్పటికే టీకా పడి ఉన్న 15 నుంచి 18 నెలల పిల్లలు 120 మందికి. ఆ తర్వాతే తొమ్మిది నెలల బిడ్డలు 120 మందికి. ఇంకోటి, ప్రతి బిడ్డకూ ప్యాచ్, సూది రెండూ ఇచ్చారు. రెండిట్లో ఒకదాంట్లోనే అసలు మందు, రెండోది ఉత్తిది. ఏది ఎవరికో డాక్టర్లకూ తెలీదు, తల్లిదండ్రులకూ తెలీదు. అంటే పోలిక నిక్కచ్చిగా వచ్చింది, ఏ బిడ్డా టీకా లేకుండా మిగల్లేదు. 2024లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పసిబిడ్డల్లో తట్టు నుంచి రక్షణ ప్యాచ్‌తో 93 శాతం, సూదితో 90 శాతం. రుబెల్లాకు రెండింటిలోనూ అందరికీ వచ్చింది. ప్యాచ్ పెట్టిన చోట చర్మం కాస్త గట్టిపడటం చాలామందిలో కనిపించింది, పెద్ద ఇబ్బంది ఏం కాదు. కానీ ఇది చిన్న ట్రయల్. వేల మంది పిల్లల్లో చూడాల్సింది ఇంకా ఉంది.

ఇప్పుడు రెండో మాట దగ్గరికి వద్దాం, "మన మీదే టెస్టు" అన్నది. ఆ భయం ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ రాకుండా ఇచ్చే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్ కలిసి చేసిన ప్రాజెక్టు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజనులు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా కూడా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. మరి తప్పెక్కడ? ఒప్పుకోలు కాగితాల్లో. విచారణలో చూసిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 ఫారాల మీద సంతకం పెట్టింది అమ్మానాన్నలు కాదు, హాస్టల్ వార్డెన్లు! 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుబట్టింది. ఇది ట్రయలే కాదు, ఆమోదం ఉన్న టీకా మీద పరిశీలన మాత్రమే అని నడిపినవాళ్ళు వాదించారు. ఆ పేరు మారడంతోనే పిల్లలకు దొరకాల్సిన రక్షణలు కూడా జారిపోయాయి.

నా లెక్కలో అయితే పేద ఊళ్ళలో టెస్టు చేయడం తప్పు కాదు. ఈ ప్యాచ్ పనికొచ్చేదే మనలాంటి చోట. పెద్ద సిటీలోని ఏసీ ఆసుపత్రిలో పాసైతే మన మే నెల ఎండలో పాసైనట్టు కాదు. మన చోట కూడా చూడాల్సిందే. కాకపోతే అడిగి చూడాలి.

రేపు ఎవరైనా మీ వీధికి ఫారం పట్టుకొని వస్తే, ఇంట్లో అవ్వకో, వదినకో చదివి చెప్పేది ఫోన్ చేతిలో ఉన్న మీరే. ముందు ఇది ట్రయలా, మామూలు ప్రభుత్వ టీకానా అని సూటిగా అడగండి. బుధ, శనివారాల్లో వేసే టీకాలకు, దీనికి సంబంధం లేదు. దీనికి భయపడి వాటిని మానకండి. ట్రయలే అయితే కాగితం తెలుగులో ఉండాలి. చదువు రాని వాళ్ళయితే ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండాలి. పిల్లలు ఏడేళ్ళు దాటితే వాళ్ళ ఇష్టం కూడా అడగాలి. మధ్యలో వద్దనుకుంటే కారణం చెప్పకుండా మానుకోవచ్చు, దానికి మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల ఏమన్నా అయితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 రూల్స్‌లోనే ఉంది.

ఇంకొక్క పని. సీటీఆర్ఐ అని గూగుల్‌లో కొట్టండి. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ రిజిస్టర్ అది, 2009 జూన్ నుంచి అందులో నమోదు తప్పనిసరి. ట్రయల్ ఎవరు చేస్తున్నారు, డబ్బు ఎవరిది, ఏ ఆసుపత్రిలో, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా లేదా, అన్నీ అందులో కనిపిస్తాయి. వచ్చినవాళ్ళని రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, వాళ్ళ ముందే వెతకండి. సైటు ఇంగ్లీషులో ఉంటుంది, కొంచెం నెమ్మది కూడా. అర్థం కాకపోతే ఆ నంబర్ నాకు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద పెట్టుకొని కలిసి చదువుదాం.