దాచుకుంటే ముదిరే జబ్బు



ఈరోజు నేను చెప్పబోయేది నలుగురు కూర్చున్నచోట మాట్లాడుకునే విషయం కాదని చాలామంది అనుకుంటారు. ఇంట్లో మగవాళ్ళుంటే రేడియో గొంతు కాస్త తగ్గించుకోండి, ఫరవాలేదు. కట్టెయ్యకండి మాత్రం. వాళ్ళు కూడా వింటే మరీ మంచిది.

మా పిన్ని ఉయ్యూరులో ఉండేది. ముట్లుడిగి ఆరేళ్ళయిన మనిషి. ఒక దీపావళికి నేను వెళ్ళినప్పుడు పెరట్లో అంట్లు కడుగుతూ, "ఏమిటోనే, ఈ వయసులో మళ్ళీ బయట చేరుతున్నాను" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆ మాట ఎంత పెద్ద హెచ్చరికో అప్పుడు నాకూ తెలీదు. సంక్రాంతి వెళ్ళాక చూపించుకుంటానంది. సంక్రాంతి వెళ్ళింది, వీరమ్మ తల్లి తిరునాళ్ళు వచ్చాయి, ఇంటినిండా చుట్టాలు. ఆ తర్వాత మనవడి పరీక్షలు, ఆపైన ఎండలు. చివరికి ఎలాగో బెజవాడ తీసుకెళ్తే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నాళ్ళనుంచమ్మా?" అని. పిన్ని తల వంచుకుని "రెండు నెలల్నుంచి" అంది. అప్పటికి ఎనిమిది నెలలు! డాక్టరు ముందు కూడా నిజం చెప్పటానికి ఆమెకు నోరు రాలేదు.

అది గర్భాశయ ముఖద్వారానికి వచ్చిన కాన్సర్. వైద్యం జరిగింది గాని, అప్పటికే ముదిరిపోయింది. రెండేళ్ళు బతికింది. ఈ జబ్బును గురించి నేను తెలుసుకున్నదంతా ఆ తర్వాతే. అందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటే సంగతి. కాన్సర్లన్నిటిలోకీ ఇంత ముందుగా కబురు పంపి, ఇంత నిదానంగా వచ్చే కాన్సర్ మరొకటి దాదాపు లేదు. పదేళ్ళో, పదిహేనేళ్ళో గడువిస్తుంది. ఆ గడువంతా మనం మాట్లాడకుండా గడిపేస్తాం.

2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడే సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. మన ఆడవాళ్ళలో రొమ్ము కాన్సర్ తర్వాత స్థానం దీనిదే.

ఇది ఎందుకు వస్తుంది? ఏదో పాపం చేస్తే వచ్చిందనో, దెబ్బ తగిలి వచ్చిందనో అనుకునేవారు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983లో ఈ కణుతుల్లో ఒక వైరస్‌ను పట్టుకున్నారు. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చాలా రకాలు మనకు హాని చెయ్యవు. 16, 18 నంబర్ల రకాలే నూటికి 70 కేసులకు కారణం. ఈ పరిశోధనకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ దాంపత్య జీవితం వల్ల సోకుతుంది. ఈ మాట వినగానే అనుమానాలు, నిందలు పెట్టుకోకండి. కాపురం చేసే ఆడా మగా అందరిలోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఇది. జలుబు వచ్చినట్టు వచ్చి, ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. మనకు తెలియను కూడా తెలీదు. కొద్దిమందిలో మాత్రం పోకుండా ఉండిపోతుంది. చిక్కంతా అక్కడే.

ఉండిపోయి ఏం చేస్తుందంటే, మన కృష్ణా కాలువల మీద లాకులున్నాయి కదా? ఎన్ని నీళ్ళు వదలాలో అన్నే వదులుతాయి. అలాగే మన శరీరంలో ప్రతి కణానికీ లాకుల్లాంటి జన్యువులున్నాయి. కణం అవసరమైనంతే పెరగాలి, పాడైపోతే తనంతట తానే చచ్చిపోవాలి అని అవి కట్టడి చేస్తుంటాయి. వాటిలో పి53, ఆర్.బి. అనేవి ముఖ్యమైనవి. ఈ వైరస్ తయారుచేసే రెండు ప్రోటీన్లు సరిగ్గా ఈ రెండు లాకుల్నే పని చెయ్యకుండా చేస్తాయి. ఒకదాని పేరు ఇ6, రెండోదాని పేరు ఇ7. ఇక కణాలు గట్టు తెగిన కాలువలా పెరుగుతాయి. అయినా ఇదంతా ఒక్క రోజులో జరగదు. వైరస్ సోకిన నాటినుంచి కాన్సర్ అయ్యేసరికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది.

"మా అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?" అని పిన్ని కూతురు నన్ను అడిగింది. ఈ ప్రశ్నకు జవాబు అన్ని కాన్సర్లకూ ఒకటి కాదు. రొమ్ము కాన్సర్‌లో నూటికి 5 నుంచి 10 వరకు వంశంలో దిగే జన్యులోపం వల్ల వస్తాయి. అలాంటి జన్యువులు రెండింటిని శాస్త్రజ్ఞులు 1994లో ఒకటి, 1995లో ఒకటి గుర్తించారు. తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ చిన్న వయసులో రొమ్ము కాన్సర్ వస్తే ఆ సంగతి డాక్టరుతో తప్పకుండా చెప్పాలి. ముఖద్వారపు కాన్సర్ మటుకు తల్లి ఆస్తిలా కూతురికి వచ్చేది కాదు. వైరస్ వల్ల వచ్చేది. కాబట్టి తల్లికి వచ్చినా రాకపోయినా కూతురు పరీక్ష చేయించుకోవలసిందే.

ఆ పరీక్షలు మూడు రకాలు. మొదటిది పాప్ పరీక్ష. జార్జి పాపనికోలా అనే డాక్టరు కనిపెట్టింది. ముఖద్వారం దగ్గర కణాలను మెత్తగా తుడిచి తీసి మైక్రోస్కోపులో చూస్తారు. ఏళ్ళ తరబడి తన నమూనాలిచ్చి ఆ పరిశోధనకు సాయపడింది ఆయన భార్యే. ఆ ఇల్లాలి పేరు పరీక్షకు లేదు గాని, ఆ పరీక్ష వల్ల లక్షలమంది బతికారు.

రెండోది మన వంటింటి పరీక్ష అనొచ్చు. పలుచని వెనిగర్ లాంటి ద్రావణం ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లటి మచ్చ కనబడుతుంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి, అక్కడి పేటల్లోని దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో దీన్ని పరిశీలించారు. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి కొన్ని వారాలు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. రెండేళ్ళకొకసారి పరీక్ష జరిగినవారిలో ఈ కాన్సర్ మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2013లో ప్రకటించారు.

మూడోది కొత్తది. వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో నేరుగా చూసే హెచ్.పి.వి. డి.ఎన్.ఎ. పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,30,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశీలన 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి ఈ పరీక్ష జరిగిన వర్గంలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పరీక్షకే మొదటి స్థానమిచ్చింది. ఇందులో మనకు నచ్చే సుగుణం మరొకటుంది. ఇంకొకరు పరీక్షించటం ఇబ్బంది అనుకునే స్త్రీ, నర్సు చెప్పిన ప్రకారం నమూనా తనే తీసి ఇవ్వొచ్చు. మన దేశంలోనే తయారైన పరీక్ష సామగ్రిని ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల పరీక్షించి చూసి 2025లో ఫలితాలు ప్రకటించారు.

పిన్ని కూతురూ నేనూ కలిసి వెళ్ళాం. నాకు ఏమీ లేదన్నారు. దానికి వైరస్ ఉందని వచ్చింది. పాపం, ఆ కాగితం పట్టుకుని అక్కడే కూలబడింది. డాక్టరమ్మ పక్కన కూర్చుని, "ఇది కాన్సర్ కాదమ్మా, కాన్సర్ రాకుండా ఆపుకునే అవకాశం" అని చెప్పింది. తర్వాత చూస్తే ఒక చిన్న మచ్చ కనబడింది. వేడి పరికరంతో ఆ కాస్తా మాడ్చేశారు. ఐదు నిమిషాల పని. మత్తు లేదు, ఆసుపత్రిలో పడుకోవటం లేదు. సాయంత్రం బస్సుకి ఉయ్యూరు వచ్చేశాం. ఏడాది తర్వాత మళ్ళీ చూపించుకోమన్నారు, చూపించుకుంది. తల్లికి దక్కనిది కూతురికి దక్కింది.

ఇక్కడే మరో మాట చెప్పాలి. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో వెళ్తే, "కాన్సర్ అవుతుందేమో, గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది" అనే సలహా మన ప్రాంతంలో తేలిగ్గా వినబడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలోకెల్లా మనదే ఎక్కువ! పరీక్ష లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. "ఏ పరీక్షలో ఏం తేలింది? వేరే వైద్యం లేదా?" అని అడగండి. అడిగితే తప్పు లేదు. ఇంకొక డాక్టరుకు చూపించుకుంటే అసలే తప్పు లేదు.

మరి కాన్సర్ వచ్చేసిందనే తేలితే? అప్పుడూ ఆశ వదులుకోనక్కర్లేదు. మొదటి దశలో దొరికితే చాలామందికి నయమవుతుంది. ఈ వైద్యంలో పేరు పొందిన నోరి దత్తాత్రేయుడు గారిది ఉయ్యూరుకు దగ్గరలోని మంటాడ గ్రామమే. న్యూయార్కులో పనిచేసిన రేడియేషన్ వైద్యులు. ప్రభుత్వం 2015లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన కృషి ఎక్కువగా బ్రాకీథెరపీ అనే పద్ధతిలో. బయటనుంచి రేడియేషన్ ఇవ్వటం పొలమంతటికీ నీళ్ళు పెట్టటం లాంటిది. బ్రాకీథెరపీ అంటే మొక్క మొదట్లో చెంబుతో పొయ్యటం. రేడియేషన్ ఇచ్చే చిన్న పలుకును సన్నని గొట్టం ద్వారా జబ్బు ఉన్నచోటికే పంపుతారు. కణుతికి గట్టిగా తగులుతుంది, పక్కనున్న మూత్రాశయం, పేగు చాలావరకు తప్పించుకుంటాయి. వెనక రోజుల్లో రేడియం గొట్టాలు లోపల పెట్టి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. ఇప్పుడు కంప్యూటర్ లెక్క ప్రకారం నిమిషాల్లో అయిపోతుంది.

రేడియేషన్‌తో పాటు వారానికోసారి మందు కూడా ఇస్తే ఎక్కువమంది బతుకుతారని 1999లో తేలింది. 2024లో మరో అడుగు పడింది. మన దేశంతో సహా ఐదు దేశాల్లో 500 మంది స్త్రీలతో జరిగిన పరిశీలన అది. ఈ వైద్యానికి ముందు ఆరు వారాలపాటు పాత మందులే రెండు ఇస్తే, ఐదేళ్ళ తర్వాత నూటికి 80 మంది బతికి ఉన్నారు. అవి ఇవ్వనివారిలో 72 మంది. ఎనిమిది మందేగా అనుకోవద్దు. ఆ ఎనిమిది మందిలో మన పిన్నో, వదినో ఉంటే తెలుస్తుంది దాని విలువ.

ఇక టీకా సంగతి. ఇది ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ లోపు, అంటే వైరస్ సోకే అవకాశం రాకముందే వెయ్యాలి. స్వీడన్‌లో 17 ఏళ్ళ లోపు వేయించుకున్నవారిలో ఈ కాన్సర్ నూటికి 88 వంతులు తక్కువగా ఉందని 2020లో లెక్క తేలింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది.

"టీకా అంటే ఖమ్మంలో ఏదో జరిగింది కదా?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. 2009లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో పరిశీలన కోసం వేలమంది బాలికలకు ఈ టీకా వేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తేలిన తప్పు మరొకటుంది. హాస్టళ్ళలో ఉన్న పిల్లల తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. తల్లికి చెప్పకుండా బిడ్డకు సూది వేస్తే, ఆ మందు ఎంత మంచిదైనా నమ్మకం పోతుంది. అందుకని మీ పిల్లకు వేయించేటప్పుడు ఏ టీకా, ఎన్ని మోతాదులు, తర్వాత ఏం గమనించాలి అన్నీ అడిగి, తెలుసుకుని, మీరే నిర్ణయించుకోండి. భయపడి మానెయ్యటమూ, అడక్కుండా వేయించటమూ రెండూ వద్దు. టీకా వేయించుకున్న పిల్ల కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

ఇప్పుడు గుర్తు పెట్టుకోవలసినవి చెప్తాను. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడటం, ముట్టుకూ ముట్టుకూ మధ్య కనబడటం, భార్యాభర్తల కలయిక తర్వాత కనబడటం, దుర్వాసనతో తెల్లబట్ట. వీటిలో ఏది ఉన్నా పండగ వెళ్ళాక అనుకోకండి, ఆ వారంలోనే వెళ్ళండి. ఇవన్నీ కాన్సరే అని కాదు, చాలావరకు కాదు. కాదని తెలుసుకోవటానికే వెళ్ళాలి. ఇవేమీ లేకపోయినా 30 ఏళ్ళు దాటినవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్ పరీక్ష అయితే ఐదేళ్ళకోసారి అన్నది మన దేశపు పద్ధతి. కనీసం 35 ఏళ్ళకొకసారి, 45 ఏళ్ళకొకసారి మంచి పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వెళ్ళేటప్పుడు ఒక్కరే వెళ్ళకండి. వదిననో, పక్కింటావిడనో తోడు తీసుకెళ్ళండి. ఇద్దరూ చేయించుకోండి. అక్కడ డాక్టరమ్మ "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగితే, ఎనిమిది నెలలైతే ఎనిమిది నెలలనే చెప్పండి.



(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)