బైకాల్ సరస్సు: ఏడాది పొడవునా విహారము

సైబీరియా దక్షిణభాగమున, కొండల నడుమ, దట్టమైన అడవులు చుట్టి యున్న బైకాల్ సరస్సు రష్యా దేశమునకు చెందినది. దీని పొడవు సుమారు 636 కిలోమీటర్లు. అత్యధికమైన వెడల్పు 79 కిలోమీటర్లు. అత్యధికమైన లోతు 1,642 మీటర్లు. ప్రపంచమున ఇంత లోతైన సరస్సు మరియొకటి లేదు. భూమి పైపొర చీలి క్రుంగుటవలన సుమారు రెండున్నర కోట్ల సంవత్సరముల క్రిందట ఏర్పడిన ఈ పల్లములో నేడు దాదాపు 23,600 ఘన కిలోమీటర్ల నీరు నిలిచి యున్నది. భూతలము మీద గడ్డకట్టక ద్రవరూపమున నున్న మంచినీటిలో ఇది ఇంచుమించు ఐదవ వంతు.

వేసవిలో పడవలపై తిరుగుటకు, ఆకులు రంగు మారు కాలమున అడవిబాటల నడచుటకు, చలికాలమున మంచుగడ్డపై జారుటకు యాత్రికులు ఇచటికి వచ్చుచుందురు. ఒకే సరస్సు ఏడాదిలో ఇన్ని రూపములు తాల్చుటకు కారణమేమి? నీటి గుణములను పరిశీలించినచో ఆ కారణము తెలియును. యాత్రికులు పాటింపవలసిన జాగ్రత్తలు కూడ దానితోనే బోధపడును.

వేసవి

నీటికి ఉష్ణమును గ్రహించి నిలువ ఉంచుకొను శక్తి ఎక్కువ. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు ఉష్ణముతో అంతే బరువు గల ఇనుమును సుమారు తొమ్మిది డిగ్రీలు వేడిచేయవచ్చును. అందుచేత ఇంత జలరాశి వేసవి యెండకు త్వరగా వేడెక్కదు. జూలై మాసమున ఇర్కుట్స్క్ నగరములో ఉక్కగా ఉన్న దినమున కూడ సరస్సు తీరము చల్లగా నుండును. లోతున ఉన్న నీరు ఏడాది పొడవునా 3, 4 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతముననే యుండును. లోతు తక్కువైన అఖాతములలో మాత్రము నీరు ఈతకు తగినంత వెచ్చబడును. నడిసరస్సులో పడవ బోల్తాపడినచో, ఆగస్టు నెలలో సైతము, మనిషి శరీరము కొద్దిసేపటిలోనే చల్లబడి చేతులు కాళ్లు స్వాధీనము తప్పును. పైగా కొండలోయలనుండి హఠాత్తుగా వీచు 'సర్మా' గాలి సెకనుకు 40 మీటర్ల వేగమును మించుట కద్దు. కనుక ఈతగాడైనను గాలిచొక్కా లేక పడవ ఎక్కరాదు.

చలికాలము

సైబీరియాలోని చిన్న చెరువులు అక్టోబరు, నవంబరు మాసములలోనే గడ్డకట్టును. బైకాల్ మాత్రము జనవరి వరకు పూర్తిగా గడ్డకట్టదు. వేసవిలో దాచుకొన్న ఉష్ణమును అది మెల్లమెల్లగా విడుచుచుండుటయే ఇందుకు కారణము.

ఇతర పదార్థములు సాధారణముగా చల్లబడినకొలది బరువెక్కును. నీరు 4 డిగ్రీల వద్ద మిక్కిలి సాంద్రముగ నుండి, ఇంకను చల్లబడినచో మరల తేలికపడును. పాఠశాలలో హోప్ ఉపకరణముతో దీనిని చూపవచ్చును. పాత్ర నడుమ మంచును, ఉప్పును కలిపి ఉంచినచో క్రింది ఉష్ణమాపకము 4 డిగ్రీలకు దిగి నిలిచిపోవును. పిమ్మట పై ఉష్ణమాపకము సున్నాకు దిగును. సరస్సులోను ఇట్లే జరుగును. మిక్కిలి చల్లని నీరు పైననే నిలిచి గడ్డకట్టగా, ఆ గడ్డ క్రింది నీటికి కప్పువలె పనిచేయును. దాని క్రింద చేపలు సుఖముగా బ్రతుకును.

ఫిబ్రవరి, మార్చి నెలలలో మంచుగడ్డ సుమారు ఒక మీటరు మందమున నుండును. గాలి పైనున్న మంచుపొడిని ఊడ్చివేసిన చోట్ల అది అద్దమువలె పారదర్శకముగా కనిపించును. వేసవిలో బల్లకట్టుపై చేరవలసిన ఓల్ఖాన్ ద్వీపమునకు అప్పుడు మోటారుబండ్లు మంచుబాటపై పోవును. 1904లో రష్యా-జపాన్ యుద్ధకాలమున ఈ గడ్డపై రైలుపట్టాలు పరచి పెట్టెలను గుఱ్ఱములచే లాగించిరి.

అంత బలమైన గడ్డ అయినను అంతటను ఒకేతీరుగా నుండదు. రాత్రి చలికి అది సంకోచించి, పగలు వ్యాకోచించును. అందువలన ఫిరంగి మ్రోతవంటి ధ్వనితో కిలోమీటర్ల పొడవున పగుళ్లు ఏర్పడును. అడుగునుండి వాయువులు గాని వేడినీటి ఊటలు గాని పైకి వచ్చు చోట్ల గడ్డ పలుచగా నుండును. అంగారా నది బయలుదేరు చోట నీరు అసలే గడ్డకట్టదు. కావున అధికారులు గుర్తులు నాటిన బాటలను విడిచి పోవుట ప్రాణాపాయకరము.

మంచుగడ్డపై మరియొక ప్రాణి కూడ కలదు. 'నేర్పా' అను ఇచటి సీల్ మంచినీటిలోనే జీవించు ఏకైక సీల్ జాతి. ఇది మంచు క్రింద గుహ చేసికొని చలికాలపు చివర పిల్లలను కనును. బండ్ల రొదకు బెదరి తల్లి తొలగిపోయినచో పిల్లకు రక్షణ యుండదు.

ఒక చిన్న లెక్క

బైకాల్‌లోనికి మూడువందలకు పైగా నదులు, వాగులు వచ్చి చేరుచున్నవి. బయటకు పోవునది అంగారా ఒక్కటే. అది ఏటా సుమారు 60 ఘన కిలోమీటర్ల నీటిని తీసికొనిపోవును. 23,600ను 60చే భాగించినచో 393 వచ్చును. అనగా సరస్సులోని నీరు మారుటకు దాదాపు నాలుగువందల ఏండ్లు పట్టును. నేడు ఇందులో కరగిన మలినము ఎన్ని తరములవరకు నిలువగలదో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఈ భయము ఊహ మాత్రము కాదు. తీరమున 1966లో ప్రారంభమైన కాగితపు గుజ్జు కర్మాగారము 2013లో మూతపడువరకు వ్యర్థజలమును సరస్సులోనికి వదలెను. ఇటీవలి సంవత్సరములలో, యాత్రికులు పెరిగిన ఊళ్ల చెంత శుద్ధిచేయని మురుగునీరు చేరుటవలన, తీరజలములలో స్పైరోగైరా విపరీతముగా పెరుగుట శాస్త్రజ్ఞులు గమనించిరి. జీవశాస్త్రపు తరగతిలో సూక్ష్మదర్శిని క్రింద చూచు ఆకుపచ్చని పోగులే యివి. నీటిని వడకట్టి నిర్మలముగా నుంచు స్పంజికలు కూడ అనేకచోట్ల వ్యాధిగ్రస్తమైనవి.

బైకాల్‌ను 1996లో ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. 2003 నుండి స్వచ్ఛందసేవకులు తీరమున కాలిబాటలు నిర్మించుచున్నారు. బాట యున్నచో అడవి త్రొక్కుడు పడదు. తాను తెచ్చిన చెత్తను తానే తిరిగి తీసికొనిపోవుట, మురుగును శుద్ధిచేయు వసతిగృహముననే దిగుట, గుర్తులున్న బాటనే నడచుట ప్రతి యాత్రికునకును సాధ్యమైన పనులు. యాత్రికుడు నాలుగు దినములుండి పోవును. అతడు నీటిలో విడిచినది నాలుగువందల ఏండ్లు ఉండవచ్చును.