చీటీ మీద ఒక్క అక్షరం

డ్యూటీ మారేటప్పుడు ఒక సిస్టర్ వ్రాసినది చూసి మరొక సిస్టర్ మందు ఇస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి మా వార్డులో ఇన్సులిన్ 10 యూనిట్లు అని వ్రాయవలసిన చోట, అంకె ప్రక్కనే ఇంగ్లీషు ‘యు’ అక్షరం మాత్రం పెట్టారు. అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయ్యింది! సిస్టరుకు అనుమానం వచ్చి డాక్టరు గారికి ఫోను చేసింది కాబట్టి సరిపోయింది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ఆ పొట్టి అక్షరం వాడవద్దన్నది. ఆ రాత్రి నుండి మేమూ ‘యూనిట్లు’ అని పూర్తిగానే వ్రాస్తున్నాము. 1 మిల్లీగ్రామును 1.0 అని వ్రాయము. చుక్క కనబడకపోతే 10 అయిపోతుంది. మా ట్రైనింగులో ముత్యాల్లాంటి దస్తూరికి మార్కులు వేసేవారు గాని, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మీరు వచ్చేటప్పుడు కూడా ఒక కాగితం తీసుకురండి. మందు పేరు, ఎంత మోతాదు, ఏ పూట, ఏ మందు పడదు అనేవి వ్రాయండి. తెలుగులోనైనా చాలు. బి.పి. తగ్గని ఒక అవ్వగారికి డోసు పెంచాలా అని డాక్టరు గారు ఆలోచిస్తుండగా, మనవరాలు నోటుబుక్కు చూపించింది. మాత్రలు అయిపోయి నాలుగు రోజులుగా వేసుకోలేదని, తేదీలతో సహా అందులో వ్రాసి ఉంది.