పతాకవందనము ముగిసిన పిదప

జనవరి 26న, ఆగస్టు 15న ఒడిశాలోని రాయగడ జిల్లా కొల్నార పరిసరముల బడులలో పిల్లలు ఉతికిన బట్టలు కట్టుకొని, వరుసలు తీరి, జెండాకు వందనము చేసి, మిఠాయి పుచ్చుకొని యిండ్లకు పోవుదురు. ఉపన్యాసము మాత్రము చెవి సోకి జారిపోవును. ఇందుకు పిల్లలను గాని గురువులను గాని నిందించుట న్యాయము కాదు. ఇంట తెలుగును, పొరుగింట గిరిజనుల కువిని, పాఠశాలలో ఒడియాను వినుచు పెరుగు బాలునకు, ఎక్కడనో అచ్చయిన వాక్యములు మనసున కెట్లు పట్టును? పర్వదినముల బోధకు వలయు సామగ్రి ఆ నేలయందే కలదు.

ఏప్రిల్ 1 ఉత్కళ దివసము. 1936లో ఆ దినముననే మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లానుండి జయపుర సంస్థానభూములు వేఱుపడి ఒడిశాలో చేరి, కోరాపుట్ జిల్లా యేర్పడెను. మన మెవరివారమని తెలుగుబిడ్డ అడిగినచో గురువు తడబడ నక్కఱలేదు; బ్రిటిషు పాలనలో భాషను బట్టి ఏర్పడిన మొదటి రాష్ట్రము ఒడిశా యనియు, స్వాతంత్ర్యానంతరము అట్లేర్పడిన మొదటిది 1953 అక్టోబరు 1 నాటి ఆంధ్రరాష్ట్రమనియు నల్లబల్లపై రెండు తేదీలను పక్కపక్కన వ్రాసి, వాని క్రింద రాయగడమీదుగా శ్రీకాకుళము దాటి సముద్రమును చేరు నాగావళిని ఒక్క సుద్దగీతగా గీసిన చాలును. ఆ విభజనమునందలి నొప్పిని దాచరాదు. పర్లాకిమిడి ఒడిశాలో చేరుటకు నిరసనగా గిడుగు రామమూర్తి పంతులు 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిన సంగతియు చెప్పవలయును.

ఆ మహనీయుని జీవితమే సేవాబోధకు ఉత్తమమైన పాఠము. నేటి రాయగడ జిల్లాలోని గుణుపురము ప్రాంతమునను నివసించు సవరల భాషను పట్టుదలతో నేర్చి, ఆ భాషలోనే వాచకములు కూర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టించిన వాడాయన. తరువాతి కాలమున ఒడిశా ప్రభుత్వమును కువి, సవర మొదలగు పది గిరిజనభాషలలో ప్రాథమికబోధ నారంభించినది గదా. పెద్దతరగతి పిల్లలు ఒక అవ్వ చెప్పిన కువి కథను వ్రాసికొని, బొమ్మలు వేసి, చిన్నతరగతికి పుస్తకముగా కుట్టి యిచ్చిరేని, సేవ పేరిట గోడలకు సున్నము కొట్టుటకంటె నది గొప్ప సేవ యని నా దృఢవిశ్వాసము.

మార్చి 29ని మఱవరాదు. నాటి కోరాపుట్ జిల్లాలోని తెంతులిగుమ్మ గ్రామవాసి, స్వాతంత్ర్యయోధుడు లక్ష్మణ నాయకుడు 1942 ఆగస్టు 21న మత్తిలి ఠాణాకు ఊరేగింపు నడపగా, కాల్పులు జరిగెను. అడవి కావలివాని హత్య మోపి, 1943లో ఆ మార్చి దినమున బరంపురము చెఱసాలలో ఆయనను ఉరితీసిరి. కొండబిడ్డకు స్వాతంత్ర్యమన నేమో తెలుపుటకు ఇంతకంటె దగ్గఱి కథ లేదు.

గురువర్యులారా, రాయగడ జిల్లా కోరాపుట్‌నుండి విడివడి పుట్టినది 1992 అక్టోబరు 2న. రాబోవు గాంధీజయంతినాడు మిఠాయి పంచుటకు ముందు ఊరి పెద్దనొకరిని బడికి పిలిచి, కచేరీ పనికై అంతదూరము కోరాపుట్ పోయివచ్చుట అంతకు మునుపెట్లుండెడిదో పిల్లలచేతనే అడిగింపుడు.