పెద్ద విండ్‌షీల్డ్ పెడితే గాలి ఆగుతుందా?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే 42వ నంబరు జాతీయ రహదారి, గాలి పాఠం నేర్చుకోవడానికి మంచి చోటు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. పలమనేరు దాకా అది కుడి పక్క నుంచి బండిని నెడుతుంది. అక్కడ రోడ్డు నైరుతికి మళ్లుతుంది. ఇక కుప్పం చేరేదాకా చాలావరకు ఎదురుగాలే. మీటరు 60 చూపిస్తున్నా, ఎదురుగాలి 20 ఉంటే రొమ్ముకు తగిలేది 80 కిలోమీటర్ల గాలి.

గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే 60కీ 80కీ మధ్య తేడా వేగంలో మూడోవంతే అయినా, తోపులో దాదాపు 1.8 రెట్లు. నిటారుగా కూర్చున్న మనిషి గాలికి అడ్డుపడే మేర 0.4 చదరపు మీటర్లు అనుకుని లెక్క కడితే, 40 వేగంలో ఆ తోపు మూడు కిలోల బరువంత ఉంటుంది. 80లో పదకొండు, 100లో పదిహేడు కిలోలు. గంటల తరబడి ఆ బరువుకు ఎదురొడ్డి హ్యాండిల్ పట్టుకుంటే భుజాలు లాగక ఏమవుతాయి? హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో 30 మీద ఎక్కేవారికి మాత్రం ఈ గొడవే లేదు. అక్కడికి షీల్డ్ అలంకారమే.

ఈ బాధ పడలేక దుకాణంలో ఉన్న షీల్డుల్లో ఎత్తయినది కొని బిగించేస్తారు. రొమ్ముకు హాయిగానే ఉంటుంది. తల మాత్రం దడదడలాడుతుంది, చెవులు హోరెత్తుతాయి. షీల్డ్ నాసిరకమని తిట్టుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు ఎత్తుదే.

షీల్డ్ గాలిని మింగేయదు, దారి మళ్లిస్తుంది. పై అంచు దాటాక పైన గాలి జోరుగా పోతుంటుంది, వెనక దాదాపు నిలిచిపోయి ఉంటుంది. ఈ రెంటి మధ్య పొరకు నిలకడ ఉండదు. వాగులో బండరాయి వెనక నీళ్లలా సుడులు తిరుగుతుంది. అడ్డు వెనక సుడులు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోయే తీరుకు 1911–12లో థియోడర్ వాన్ కార్మాన్ గణితం కట్టాడు. మోటుగా చెప్పాలంటే గాలి వేగంలో ఐదోవంతును అడ్డు వెడల్పుతో భాగిస్తే సెకనుకు ఎన్ని సుడులో తెలుస్తుంది. 80 వేగంలో, 40 సెంటీమీటర్ల షీల్డ్‌కు సెకనుకు రమారమి పది. ఆ పొర సరిగ్గా హెల్మెట్ ఎత్తున పడితే తలకు అన్నిసార్లు దెబ్బ. హైవే వేగాల్లో హెల్మెట్ లోపలి హోరు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. దూరప్రయాణాల్లో చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదు.

ఇంకోటి. షీల్డ్ వెనక పీడనం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి పక్కల నుంచి, కింద నుంచి గాలి దూసుకొస్తుంది. వీపును ఎవరో ముందుకు తోస్తున్నట్టుండేది అందుకే. షీల్డ్ అడుగున కొంచెం సందు వదిలితే ఆ లోటు నెమ్మదిగా పూడుతుంది. సందు కనిపించగానే బిగింపు సరిగా లేదని మూసేయకండి.

మరి ఎత్తు ఎంత? 1976లో బీఎండబ్ల్యూ తన ఆర్100ఆర్‌ఎస్ మోటార్‌సైకిల్ ముందు కవచాన్ని ఇటలీలోని పినిన్‌ఫరీనా గాలి సొరంగంలో పరీక్షించి తీర్చిదిద్దింది. కానీ విడిగా షీల్డ్ అమ్మేవాడికి మీ ఎత్తు, మీ సీటు, మీ హెల్మెట్ తెలియవు. కాబట్టి పరీక్ష మీరే చేయాలి. ఖాళీ రోడ్డు మీద, అలవాటైన వేగంలో, కొంచెం లేచి నిలబడండి. తల హోరు తగ్గిందా? మీకు పొట్టి షీల్డ్ కావాలి. వంగితే తగ్గిందా? ఇంకాస్త ఎత్తు కావాలి, లేదా అంచుకు తగిలించే చిన్న లిప్. షీల్డ్ మీద ఊలు దారం ముక్కలు అంటించి, వెనక కూర్చున్నవారిని వీడియో తీయమంటే గాలి ఎక్కడ నున్నగా పోతోందో, ఎక్కడ చెదురుతోందో కనిపిస్తుంది. గాలి సొరంగాల్లోనూ ఈ దారాల పద్ధతి ఉంది.

పై అంచు మీ ముక్కుకో గడ్డానికో ఎదురుగా ఉంటే చాలు. రోడ్డును షీల్డ్ పైనుంచి చూడాలి, లోంచి కాదు. దానికి వైపర్ ఉండదు. గీతలు పడ్డ ప్లాస్టిక్ మీద వాన చినుకులుండగా, టమాటా సీజన్లో మదనపల్లె మార్కెట్టుకు వచ్చే లారీల హెడ్‌లైట్లు ఎదురుపడితే రోడ్డు కనబడదు.

అక్రిలిక్ తేటగా ఉంటుంది గానీ రాయి తగిలితే పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు ఆగుతుంది గానీ గీతలు తొందరగా పడతాయి, అందుకే గట్టి పూత ఉన్నదే కొనాలి. పెట్రోలు గుడ్డతో తుడిస్తే రెండూ పాడవుతాయి. నీళ్లతో దుమ్ము నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి.

హ్యాండిల్‌కు బిగించే పెద్ద షీల్డ్‌ను నేను సిఫారసు చేయను. పుంగనూరు దారిలో పక్కగాలి తగిలినా, లారీ దాటినా అది నేరుగా హ్యాండిల్‌నే తిప్పుతుంది. ఫ్రేముకు బిగించేది, ఎత్తు మార్చుకునే వీలున్నది చూడండి. అంతకంటే ముందు, బండితో వచ్చిన షీల్డ్‌కే లిప్ తగిలించి పలమనేరు–కుప్పం ఎదురుగాలిలో ఒకసారి నడపండి. తల నిలకడగా ఉంటే పెద్దది కొనక్కర్లేదు.